జంట గిన్నెలు

అమ్మ పోయాక సామాను పంచుకుంటున్నప్పుడు పూల పింగాణీ గిన్నెల దగ్గర అక్కకీ నాకూ మాటామాటా వచ్చింది. పండగపూట పెరుగు పచ్చడి వేసే జంట గిన్నెలవి. "జత విడగొట్టొద్దే" అంది అక్క. నేను వినలేదు. చెరొకటి తీసుకున్నాం. ఈమధ్య ఒక చైనా గిన్నె కథ చదివాక ఆ మాటే గుర్తొస్తోంది.

18వ శతాబ్దంలో, చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలంలో చేసిన గిన్నె అది. వెడల్పు 11 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. ఒక పక్క పూసిన ఆప్రికాట్ కొమ్మ, విల్లో రెమ్మలు, రెండు వానకోవెల పిట్టలు. ఇంకో పక్క కవిత.

ఇలాంటి గిన్నెలు నిప్పులో రెండుసార్లు కాలాలి. ముందు జింగ్‌డెజెన్ బట్టీల్లో సుమారు 1300 డిగ్రీల వేడిలో తెల్లగా తయారయ్యేవి. అక్కణ్ణించి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బీజింగ్ రాజప్రాసాదానికి చేరేవి. అక్కడి పనివాళ్లు గాజుపొడి రంగులతో పూలు వేసి, తక్కువ వేడిలో మళ్లీ కాల్చేవారు. ఆ రంగుల విద్యకు కాంగ్‌షీ చక్రవర్తి కొలువులో ఉన్న యూరప్ క్రైస్తవ గురువులు సాయపడ్డారు. చైనావాళ్లు దాన్ని 'ఫాలాంగ్‌త్సాయ్', అంటే విదేశీ రంగులు, అన్నారు. గులాబీ రంగు ఎలా వచ్చేదనుకున్నారు? బంగారంతో! వేడి కాస్త ఎక్కువైతే నెలల శ్రమంతా బూడిదే. ఇంత చేసినా, గిన్నె అడుగున చక్రవర్తి ముద్రే ఉంటుంది తప్ప, పూలు వేసిన మనిషి పేరుండదు. మన వంటలాగే అనిపించింది నాకు.

ఆ గిన్నె కూడా ఒంటరిది కాదు. ఒకప్పుడు ఒకే సేకర్త దగ్గర జతగా ఉండేది. తర్వాత విడిపోయాయి. ఒకటి సర్ పర్సివల్ డేవిడ్ సేకరణతో లండన్ బ్రిటిష్ మ్యూజియం చేరింది. రెండోది అమెరికా సంపన్నురాలు బార్బరా హటన్‌తో సహా ఎన్నో చేతులు మారి, 2023లో హాంకాంగ్ వేలంలో 19.8 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పోయింది. మన లెక్కలో 200 కోట్ల రూపాయల పైమాటే! అంత డబ్బు పోసినా కొన్నది ఒక్క గిన్నెనే. జతని కాదు.

మా గిన్నెల్ని ఎవరూ వేలం వెయ్యరు, వాటికంత ఖరీదూ లేదు. అందుకే కలపడం మా చేతుల్లోనే ఉంది. వచ్చే నెల అక్క వాళ్లింటికి వెళ్తున్నా. నా గిన్నెని అమ్మ పాత చీరముక్కలో చుట్టి పెట్టాను. రెండూ అక్క దగ్గరే ఉండనీ. పండక్కి నేనే వెళ్లి పచ్చడి తింటాను.