ఓడినవారికీ ఒక కుర్చీ: మారిషస్ స్వరాజ్య కథ

ఆఫ్రికా దేశాల స్వాతంత్ర్యం గూర్చి మన తెలుగు కుటుంబాలలో మాట వచ్చినప్పుడు సాధారణంగా గుర్తుకు వచ్చేవి రెండు మూడు సంగతులే. 1972లో ఉగాండాలో ఇదీ అమీన్ ఆసియా వారిని 90 రోజుల గడువు పెట్టి వెళ్ళగొట్టడం ఒకటి. సైనిక తిరుగుబాట్లు, కరువులు తక్కినవి. ఆ ఖండానికే చెందిన ఒక చిన్న దేశంలో మన కోస్తా జిల్లాల కూలీల మునిమనుమలు పౌరులుగా, ఓటర్లుగా స్థిరపడ్డారనీ, అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినమనీ మనలో చాలామందికి తెలియదు. ఆ దేశం మారిషస్. ఎవరికీ పూర్తి ఆధిక్యం లేని అంత చిన్న దీవి ఎలా నిలబడింది, అందుకు ఏమి మూల్యం చెల్లించింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలిచాము.

రిఫాలో ఉన్న మనకు మారిషస్ గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మనం ఉంటున్నదీ దీవే. ఇదీ బ్రిటిషువారి నీడలో ఉండి 1971లో స్వతంత్రమైనదే. ఇక్కడ 1965లో దీనారు వచ్చేవరకు చలామణి అయినది రూపాయే. మారిషస్‌లో 1877 నుండి నేటివరకు రూపాయే. ఒక్క సరుకు మీద ఒక దేశం బతకడమంటే ఏమిటో, 1932లో రిఫాకు దక్షిణాన దుఖాన్ కొండ దగ్గర నూనె బావి పడిన చరిత్ర తెలిసిన మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ నూనె, అక్కడ చెరకు. అన్నిటికంటె ముఖ్యం, మనం ఇక్కడికి ఒప్పందం మీద వచ్చినవాళ్ళం. వారి పూర్వులు అక్కడికి ఐదేళ్ళ ఒప్పందం మీద వెళ్ళినవారే.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది భారతీయ కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. మరుసటి ఏడు ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోటల దొరలకు చవకగా పనివాళ్ళు కావలసి వచ్చారు. 1910 వరకు సుమారు నాలుగున్నర లక్షలమందిని మన దేశం నుండి తరలించారు. బిహారీలు ఎక్కువ. తరువాత తమిళులు, తెలుగువారు, మరాఠీలు. మనవాళ్ళు నాటి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల వారు. గోదావరి పాయ మీద ఉన్న కోరంగి రేవు పేరు మీద వారిని అక్కడ కోరంగీలు అన్నారు. సింహాద్రి అప్పన్ననూ, అమ్మోరు పండుగనూ, రామభజననూ వెంట తీసుకువెళ్ళారు. అవి ఈనాటికీ ఉన్నాయి.

వారితోపాటు ఆ ఓడలలో మరొకటి కూడా వెళ్ళిందని అంటారు, అది మలేరియా. 1866 మొదలు 1868 వరకు వచ్చిన మహమ్మారిలో ఆ దీవిలో వేలాదిమంది చనిపోయారు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్‌ను 1907లో అక్కడి ప్రభుత్వం సలహా కొరకు పిలిపించుకున్నది. ఐతే దీవిని మలేరియా నుండి విడిపించినది రెండవ ప్రపంచ యుద్ధానంతరం వచ్చిన డి.డి.టి. 1949లో మొదలైన చల్లకంతో రెండు మూడేళ్ళలో చావులు బాగా తగ్గాయి. వైద్యులమైన మేము దీన్ని విజయమనే అంటాము. కాని ఆ విజయమే కొత్త సమస్య తెచ్చిపెట్టింది. 1944లో 4 లక్షల 19 వేలున్న జనాభా 1962 నాటికి 6 లక్షల 81 వేలైంది. భూమి పెరగలేదు, చెరకు తప్ప పంట లేదు.

అప్పుడు ప్రభుత్వం ఇద్దరు ఆంగ్ల పండితులను పిలిపించింది. అర్థశాస్త్రజ్ఞుడు జేమ్స్ మీడ్ 1961లో నివేదిక ఇచ్చాడు. శాంతియుతంగా ఈ దీవి ముందుకు పోగలదన్న ఆశ ఆయనకు పెద్దగా లేదు. ఈయనకే 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండవవాడు రిచర్డ్ టిట్మస్. ఆయన కుటుంబ నియంత్రణ తప్పదన్నాడు. కాథలిక్ చర్చి అడ్డు చెప్పింది. ఇక్కడ ప్రభుత్వం చేసిన పని గమనించదగినది. చర్చితో పోట్లాటకు దిగకుండా, సహజ పద్ధతులు మాత్రమే బోధించే కాథలిక్ సంస్థకూ, అన్ని పద్ధతులూ చెప్పే కుటుంబ నియంత్రణ సంఘానికీ రెంటికీ ధనసహాయం ఇచ్చింది. 1960ల మొదట్లో తల్లికి ఆరుగురు బిడ్డల దాకా ఉన్న సగటు 1970ల నడుమకు సుమారు మూడున్నరకు దిగింది. ఎవరినీ బలవంతం చేయలేదు. 1975-77 నాటి ఎమర్జెన్సీలో మన దేశంలో జరిగిన బలవంతపు ఆపరేషన్ల సంగతి తెలిసినవారికి ఈ తేడా విలువ తెలుస్తుంది.

ఇక రాజకీయం. స్వాతంత్ర్యానికి నాయకుడు శివసాగర్ రామ్‌గులామ్ కూడా వైద్యుడే. 1921లో లండను వెళ్ళి వైద్యం చదివి 1935లో తిరిగివచ్చాడు. 1967 ఆగస్టు 7న జరిగిన ఎన్నికలలో స్వాతంత్ర్యం కావాలన్న కూటమికి నూటికి 54 ఓట్లు పడ్డాయి. అక్కరలేదన్న పక్షానికి 44 దాకా పడ్డాయి. స్వరాజ్యం వద్దని నూటికి నలభైమందికి పైగా ఓటు వేసిన దేశాలు అరుదు. హిందువుల రాజ్యం వస్తే మా గతేమిటని క్రియోలులకూ, తెల్ల దొరలకూ, చీనా వర్తకులకూ భయం. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో ముస్లిములకూ క్రియోలులకూ కొట్లాటలు జరిగి 20 మందికి పైగా చనిపోయారు. బ్రిటిష్ సైన్యం దిగవలసి వచ్చింది. మార్చి 12న జెండా ఎగిరింది.

దీనికి నాలుగేళ్ళ ముందే ఇదే సముద్రంలో మరో దీవి కథ వేరుగా ముగిసింది. జాంజిబారు లవంగాల దీవి. అక్కడ కూడా అరబ్బులు, ఆఫ్రికనులు, భారతీయులు కలిసి ఉన్నారు. 1963 ఎన్నికలలో ఆఫ్రో-షిరాజీ పార్టీకి నూటికి 54 ఓట్లు వచ్చినా 13 సీట్లే దక్కాయి. ఓట్లలో ఓడిన కూటమికి 18 సీట్లు వచ్చి అధికారం చేజిక్కింది. డిసెంబరు 10న స్వాతంత్ర్యం, 1964 జనవరి 12న విప్లవం. వేలమంది హతులయ్యారు. బతికినవారిలో కొందరు ఒమాన్ చేరారు. మస్కట్‌లో స్వాహిలీ మాట్లాడే అరబ్బు కుటుంబాలను చూసినవారికి ఈ చరిత్ర ఎదురుగానే ఉన్నది.

రెండు దీవులకూ తేడా మంచితనంలో లేదు, ఏర్పాటులో ఉన్నదని మా అభిప్రాయం. మారిషస్ రాజ్యాంగంలో దీవిని 20 నియోజకవర్గాలు చేసి ఒక్కొక్క దానికి ముగ్గురు సభ్యులను పెట్టారు. రోడ్రిగ్స్ దీవికి ఇద్దరు. మొత్తం 62. ప్రతి ఓటరూ మూడు ఓట్లూ వేయాలి. కాబట్టి ఏ పార్టీ అయినా ముగ్గురినీ ఒకే వర్గం నుండి నిలబెడితే నష్టపోతుంది. దీనిమీద ఇంకొక ఏర్పాటు ఉన్నది. బెస్ట్ లూజర్ పద్ధతి అంటారు. సభలో తక్కువగా ఉన్న వర్గాలకు, ఓడిపోయినవారిలో మెరుగైన ఓట్లు తెచ్చుకున్నవారి నుండి 8 మంది వరకు కుర్చీలు ఇస్తారు. వర్గాలు నాలుగు: హిందువులు, ముస్లిములు, చీనావారు, ఈ మూడూ కాని సాధారణ ప్రజ. 1967లో 39, 23గా వచ్చిన బలాబలాలు ఈ ఎనిమిదితో 43, 27 అయ్యాయి. పై చేయి మారలేదు, కాని ఓడినవారు ఇంటికి వెళ్ళి కత్తులు నూరుకోవలసిన అవసరం తగ్గింది. 1969లో రామ్‌గులామ్ ఆ ఓడిన పక్షాన్నే ప్రభుత్వంలోకి పిలిచాడు.

ఇదంతా రామరాజ్యమని మేము చెప్పడంలేదు. 1971లో అత్యవసర పరిస్థితి పెట్టారు. 1972లో జరగవలసిన ఎన్నికలను 1976కు నెట్టారు. నాయకులను జైళ్ళలో పెట్టారు. ఐతే 1976లో ఎన్నికలు జరిగాయి. 1982లో దీవిలోని 60 సీట్లనూ ప్రతిపక్షమే గెలిచింది. జాతిపిత అని పేరుపొందిన రామ్‌గులామ్ తన సొంత సీటు కూడా పోగొట్టుకుని మారు మాట్లాడక దిగిపోయాడు. ఆనాడు ఆఫ్రికాలో ఓట్లతో అధికారం చేతులు మారడం ఎంత అరుదో గుర్తుంచుకోవాలి. ఆ తరువాత అక్కడ ఓటర్లు ప్రభుత్వాలను మారుస్తూనే వచ్చారు. 2024 నవంబరులోనూ మార్చారు.

ఆర్థికంగా కూడా అదే తీరు. చెరకు తోటలు ఫ్రెంచి దొరలవి. వాటిని జాతీయం చేయలేదు. బదులుగా పంచదార ఎగుమతి మీద పన్ను వేసి, ఆ డబ్బుతో బడులు, ఆసుపత్రులు నడిపారు. 1958 నుండే ముసలివారందరికీ, వర్గమూ ఆస్తీ అడగకుండా పింఛను ఇస్తున్నారు. 1975 మే నెలలో విద్యార్థులు వీధిన పడ్డ తరువాత ఓటు వయస్సు 18కి తగ్గింది, 1977 నుండి ఉన్నత పాఠశాల చదువు ఉచితమైంది. 1970లో ఎగుమతి మండలం చట్టం తెచ్చి బట్టల కర్మాగారాలకు దారి తెరిచారు. హాంగ్‌కాంగ్ పెట్టుబడి వచ్చింది. అంతవరకు చెరకు కోతకో ఇంటి పనికో పరిమితమైన ఆడవాళ్ళు వేలాదిగా జీతం తెచ్చుకోసాగారు. 1975లో లోమే ఒప్పందంతో సుమారు 5 లక్షల టన్నుల పంచదారను ఐరోపా మంచి ధరకు కొనడానికి ఒప్పుకున్నది. అదృష్టం లేదనలేము. కాని వచ్చిన ధనం ఒక్క వర్గం పెట్టెలో పడలేదు. బట్టల కోటాలు 2005లో, పంచదార ఒప్పందం 2009లో ముగిసినప్పుడు ఎన్నో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. దేశం మాత్రం మూతపడలేదు. అప్పటికి చదువుకున్న తరం చేతికి అందివచ్చింది.

చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. స్వాతంత్ర్యానికి ముందే 1965లో బ్రిటన్ చాగోస్ దీవులను మారిషస్ నుండి విడదీసింది. 1968-73 మధ్య అక్కడి వారందరినీ తరలించి డియెగో గార్సియాలో అమెరికా స్థావరానికి చోటు ఇచ్చింది. ఆ అభాగ్యులు పోర్ట్ లూయీ మురికివాడలలో పడ్డారు. ఆ విభజన చట్టబద్ధం కాదని అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పేసరికి 2019 వచ్చింది. బేరసారాలలో బలం లేనివారు వీరు. బానిసల సంతతియైన క్రియోలులు కూడా వెనుకబడ్డారు. 1999 ఫిబ్రవరిలో కాయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు నిర్బంధంలో చనిపోగా దీవి అంతా అల్లర్లు చెలరేగాయి. సాధారణ ప్రజ అన్న పేరు కింద ధనిక దొరనూ పేద క్రియోలునూ ఒకే పద్దులో రాసిన లెక్క, పేదవాడి లేమిని కప్పిపెట్టింది. వర్గం చెప్పనిదే పోటీ చేయరాదన్న నియమం పౌరహక్కుకు విరుద్ధమని 2012లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల సంఘం కూడా తేల్చింది. 1972 తరువాత జనాభా లెక్కలలో వర్గం అడగడం మానివేసినా, కుర్చీల పంపకానికి ఆ పాత లెక్కనే వాడుతూ వచ్చారు. గాయానికి కట్టిన కట్టు అవసరమే. దాన్ని యాభై ఏళ్ళు విప్పకపోతే కింద చర్మం పాడవుతుంది.

మన తెలుగువారి సంగతి ఇందులో ప్రత్యేకం. రాజ్యాంగం లెక్కలో వారు హిందువులలో కలుస్తారు. జనాభా లెక్కల మతం గడిలో మాత్రం హిందువు, తమిళుడు, మరాఠీ అని విడివిడిగా రాసినట్లే ‘తెలుగు’ అని కూడా రాస్తారు. అంటే అక్కడ తెలుగు ఒక మతం! 1940లలో ఆంధ్ర మహాసభ వెలిసింది. 1970లో నెలకొన్న మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు బోధిస్తున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇన్ని ఉన్నా ఇంట్లో మాట్లాడేది క్రియోల్. 2011 లెక్కలలో దేశ జనాభాలో నూటికి 84 మంది ఇంటి భాష అదే. ఆ క్రియోల్‌కు బడిలో చోటు దొరికింది 2012లో. సెలవు, సంస్థ, గుడి, పాఠ్యపుస్తకం అన్నీ ఉన్న తెలుగు ఇళ్ళలోంచి జారిపోయింది. ఏ గౌరవమూ లేని క్రియోల్ అందరి నాలుక మీద బతికింది.

ఈ చరిత్ర నుండి మాకు తోచినవి రెండు. మొదటిది, నానా జాతుల దేశం నిలబడాలంటే ఎవరూ సర్వం ఓడిపోకుండా చూడాలి. మందుకూ బడికీ పింఛనుకూ వచ్చిన మనిషిని నీవెవరివని అడగకూడదు. కుర్చీల పంపకం కొట్లాటను ఆపింది, అంతే. దేశం అన్న భావన పుట్టించినది ఆ రెండవదే అని మా నమ్మకం.

రెండవది మన ఇళ్ళకు సంబంధించినది. ప్రభుత్వమైనా సంఘమైనా మన పేరును కాపాడగలదు, పండుగకు సెలవు ఇవ్వగలదు. భాషను కాపాడడం వాటి వల్ల కాదు. ఈ దేశంలో మనకు ఓటూ లేదు, లెక్కలో గడీ లేదు, అడిగే హక్కూ లేదు. ఒప్పందం తీరితే వెళ్ళవలసినవాళ్ళమే. ఐనా మారిషస్ కోరంగీల మునిమనుమలకు లేని సౌకర్యం ఒకటి మనకున్నది. మన పిల్లలకు తెలుగు వచ్చిన తల్లిదండ్రులు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. ఉగాదికి వేదిక మీద పిల్లలచేత పద్యం చెప్పించి చప్పట్లు కొట్టడం మంచిదే. మిగతా రోజుల్లో అన్నం దగ్గర వాళ్ళతో ఏ భాషలో మాట్లాడుతున్నామో కూడా ప్రతి ఇంటివారూ ఒకసారి చూసుకోవాలని మా విన్నపం.