తొట్టికి తోడు

చేపలతొట్టి కొత్తగా కొన్న ఇంట్లో వారం తిరిగేసరికి ఏం జరుగుతుందో మా ప్రొద్దుటూరు ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. మొదటిరోజు పండగే. హాల్లో లైటు, అడుగున రంగురాళ్ళు, పైకి బుడగలు, మధ్యలో ఆరు బంగారు చేపలు. మూడోనాటికి నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడతాయి. అయిదోనాడు ఒక చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఆ తర్వాత పిల్లల ఏడుపు. "చూడనొచ్చినోళ్ళ దిష్టి తగిలిందక్కా" అంటుంది పక్కింటావిడ. జమ్మలమడుగులో మా పిన్ని నీళ్ళని తిడుతుంది. పులివెందులలో మా ఆడబిడ్డ అమ్మినవాణ్ణి తిడుతుంది.

దిష్టిని అనకండి, అమ్మినవాణ్ణీ అనకండి. అసలు సంగతి తేలడానికి ప్రపంచానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. ఆ కథలో ఆడవాళ్ళ వాటా కూడా ఉంది కనుక చెప్పుకుందాం.

నీటి ప్రాణుల్ని గాజుతొట్టెలో ఉంచి చూడాలన్న ఆలోచన 1832లో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి ఆవిడకి వచ్చింది. చెప్పులు కుట్టేవాడి కూతురు. పారిస్‌లో బట్టలు కుట్టి బతికింది. పెళ్ళయి సిసిలీ ద్వీపం చేరాక సముద్రపు ప్రాణుల మీద మనసు పడింది. ఆర్గోనాట్ అనే జీవి తన గుల్లని ఎవరి దగ్గరో కాజేస్తుందని పండితులు అనుకునేవారు. ఈవిడ తొట్టెలో పెంచి చూసి, కాదు, ఆ గుల్లని అది సొంతంగా కట్టుకుంటుందని నిరూపించింది.

1846లో లండన్‌లో అన్నా థిన్ అనే పాదిరీగారి భార్య సముద్రపు పగడాల్ని ఇంట్లో పెంచింది. నీళ్ళు పాడవకుండా రోజూ కిటికీ దగ్గర ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి తిరగబోయించేది. ఆ పని చేసింది ఆ ఇంటి పనిమనిషి. మనం కాఫీ తిరగబోసినట్టు రోజూ అరగంటకి పైగా! చరిత్రలో అమ్మగారి పేరు మిగిలింది గానీ పనిమనిషి పేరు మిగల్లేదు.

తర్వాత రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వచ్చాడు. రెండు బంగారు చేపలు, కొంత నీటి నాచు ఒక తొట్టెలో వేశాడు. కుళ్ళిన ఆకులతో నీళ్ళు జిగురెక్కితే, ఆ జిగురు తినడానికి నత్తల్ని వదిలాడు. తొట్టె నిలబడింది. మొక్క చేపకి ప్రాణవాయువు ఇస్తుంది, నత్త చెత్త తింటుంది, అందరూ సుఖం, అని 1850లో లండన్ కెమికల్ సొసైటీకి చెప్పాడు. కానీ ఆ తొట్టెలో నాలుగో చుట్టం కూడా ఉన్నాడు. కంటికి కనిపించడు. ఆ చుట్టాన్ని వెతుకుతూ పోయినవాళ్ళలో ఈయన కొడుకే ఒకడు కావడం విచిత్రం.

ఆ సంగతికి ముందు ఒకసారి మన గండికోట దాకా వెళ్ళొద్దాం. జమ్మలమడుగు పక్కనే కదా. 1650లో మీర్ జుమ్లా ఆ కోట పట్టుకున్నాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు అక్కడికొచ్చి, తన దేశంవాడే ఒకడు ఫిరంగులు పోతపోసే పనిలో ఉండటం చూశాడు. ఫిరంగికి మందు కావాలి. మందుకి గంధకం, బొగ్గు, పెట్లుప్పు కావాలి. ఈ పెట్లుప్పు ఎక్కణ్ణించి వచ్చేదంటారు? పశువుల మూత్రం, పేడ ఏళ్ళ తరబడి ఇంకిన మట్టిని గీకి, నీళ్ళలో కలిపి, వడగట్టి, కాచి తీసేవారు. మూత్రంలోంచి వచ్చిన అమ్మోనియా ఆ మట్టిలో నైట్రేటుగా మారేది. మార్చేదెవరో మాత్రం ఆ తర్వాత రెండు వందల ఏళ్ళ దాకా ఎవరికీ తెలియదు.

1877లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు ఒక గొట్టంలో ఇసుక, సున్నపురాయి పొడి నింపి పైనుంచి మురుగునీళ్ళు మెల్లగా వదిలారు. ఇరవై రోజులపాటు పైన పోసిన అమ్మోనియా పోసినట్టే కిందికి దిగింది. ఆ తర్వాత అది తగ్గి నైట్రేటు కనిపించింది. క్లోరోఫారం ఆవిరి తగిలిస్తే పని ఆగిపోయింది. కాస్త తోటమట్టి కలిపితే మళ్ళీ మొదలయింది. క్లోరోఫారానికి పడిపోయేది ప్రాణమున్నదే కదా! ఇసుకలో సూక్ష్మజీవులు కాపురముంటున్నాయన్నమాట. మన పెన్న ఇసుకలో చెలమ తీస్తే ఊరే నీళ్ళు తేటగా ఎందుకుంటాయో, అందులో ఇసుక పనెంతో, ఈ జీవుల పనెంతో, ఆలోచిస్తే ముచ్చటేస్తుంది.

పెద్ద వారింగ్టన్ కొడుకు, అతని పేరూ రాబర్టే, ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ పొలాల్లో ఏళ్ళ తరబడి ఈ పని మీదే కూచున్నాడు. ఈ మార్పు ఒక్క జీవి పని కాదని, రెండు మెట్లని, మెట్టుకో జీవి ఉందని తేల్చాడు. పట్టుకోవడం మాత్రం అతనివల్ల కాలేదు. 1890లో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా ఆయన పట్టుకున్నాడు. అదే ఏడు ఇంగ్లండులో ఫ్రాంక్‌లాండ్ దంపతులు, పెర్సీ, గ్రేస్, ఇద్దరి పేర్లతోనూ తమ పరిశోధన అచ్చువేశారు. గ్రేస్ పేరు కిందపడిపోకుండా ఉండటం నాకు సంతోషం.

ఇక మన తొట్టి సంగతి. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వస్తుంది, తినక మిగిలిన మేత కుళ్ళినా వస్తుంది. అది విషం. మొదటి రకం జీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే, చేప రక్తాన్ని గోధుమరంగుకి తిప్పి ఊపిరాడనివ్వదు. రెండో రకం దాన్ని నైట్రేటు చేస్తాయి. అది కొంచెంగా ఉంటే చేప తట్టుకుంటుంది. తొట్టెల్లో ఈ రెండో పని చేసేది పుస్తకాలు చెప్పే నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పైరా అని 1998లో బయటపడింది. కొత్త తొట్టెలో ఈ రెండు రకాలూ దాదాపు లేనట్టే. కొత్త కాపురంలో పొయ్యి రాజెయ్యకముందే ఆరుగురు చుట్టాలు దిగినట్టు, ఆరు చేపలూ దిగుతాయి. పైగా మనది కడపబండల సీమ. సున్నపురాయి మీది నీళ్ళు క్షారపువయితే ఆ జీవులకి బాగానే ఉంటుంది గానీ, అమ్మోనియా చేపలకి మరింత విషమవుతుంది.

ఉపాయం మన వంటింట్లోనే ఉంది. పాలు కాచి ఊరికే పెడితే పెరుగవుతుందా? తోడు వెయ్యాలి, ఆగాలి. బాగా నడుస్తున్న తొట్టి ఉన్నవారిని అడిగి వాళ్ళ ఫిల్టరులోని స్పాంజి ముక్కో, గుప్పెడు రాళ్ళో తెచ్చుకుని ఎండనివ్వకుండా మన తొట్టెలో వెయ్యండి. వాళ్ళ చేపలు జబ్బు లేనివేనా అని చూసుకోండి. బ్లీచింగు కలిపిన కుళాయినీళ్ళయితే ఒకటిరెండు రోజులు వెడల్పు పాత్రలో నిలవుంచి పొయ్యండి. చేపలు లేకుండానే ఫిల్టరు నడపండి, రోజూ చిటికెడు మేత వెయ్యండి. తోడు దొరక్కపోతే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. పరీక్ష కిట్టుతో చూస్తే మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైటు. మేత వేస్తూనే ఉన్నా రెండూ సున్నాకి దిగి నైట్రేటు కనిపించిననాడు పావువంతు నీళ్ళు మార్చి రెండు చేపల్ని తీసుకురండి. మిగతావి నెమ్మది మీద. స్పాంజిని కుళాయి కింద కడిగి తళతళలాడించకండి, ఆ జీవులు చస్తాయి. తొట్టెనీళ్ళలోనే జాడించండి.

ష్లోసింగ్ గొట్టం ముందు ఇరవై రోజులు ఓపిక పట్టాడు. పిల్లలకి ఆ కథ చెప్పండి, వాళ్ళూ పడతారు. తొట్టి ఈ నెల కొనండి, చేపల్ని వచ్చే నెల.