లినక్స్ ఇంట్లో అద్దెకున్న విండోస్, మన సావనీర్ కథ

ఈసారి పోస్టు కొంచెం టెక్నికల్. కానీ మన కాగితాల చరిత్ర కూడా ఇందులోనే ఉంది, ఓపిగ్గా చదవండి.

మియాపూర్ హాస్టల్లో మేం ఆరుగురం ఒకే రూము. అందరం మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లమే. మొన్న ఊరి నుంచి ఒక అన్న పాత సీడీ పంపిండు. మన సంఘం పదిహేనేళ్ల కింద వేసిన సావనీర్ అందులో ఉంది. పెద్దోళ్లు చెప్పిన వలస కథలు, ఇంటిపేర్లు, గోత్రాలు, ఇప్పుడు లేని తాతల మాటలు. అచ్చు కాపీ ఎవరి దగ్గరా దొరకలేదు. మా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు. ఫైలేమో పేజ్‌మేకర్‌ది, అక్షరాలు అనూ ఫాంట్లవి. అసలు తెరుచుకోలేదు.

ఎందుకు? యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ గౌతమి ఫాంట్‌తో విండోస్ ఎక్స్‌పీ వచ్చేసరికి 2001 అయింది. ఈలోపు పని ఆగదు కదా. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు అన్నీ డీటీపీ సెంటర్లలోనే. అక్కడి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల నంబర్ల మీద తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టినవి. ఆ ఫాంట్ లేకపోతే తెలుగు కనపడదు, పిచ్చి గుర్తులే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 కూడా 2001దే. లినక్స్‌కు అది ఎప్పుడూ రాలేదు.

వైన్ అని ఒకటుంది, 1993లో మొదలైంది. (పేరు చదివి రూమంతా నవ్వింది.) అది విండోస్ ప్రోగ్రామ్ అడిగేవాటిని లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెప్తది. మాకు మాత్రం ఫాంట్లు, తెలుగు కీబోర్డు, ప్రింటరు అన్నీ అప్పటి డీటీపీ సెంటర్లో ఉన్నట్టే కావాలి. అంటే మిషను లోపల ఇంకో మిషను కావాలి.

ఈ ఆలోచన మనకంటే చాలా పాతది. 1960ల్లో కంప్యూటర్ అంటే గది నిండా ఉండేది, ఖరీదు చెప్పలేం. ఒక్క మిషన్‌నే చాలామందికి పంచి, ఎవరికి వారికి సొంత మిషనే అనిపించేలా ఐబీఎం ఇంజనీర్లు చేసిండ్రు. 1972లో వీఎం/370 పేరుతో అది కంపెనీ సరుకైంది. మియాపూర్‌లో అద్దెకున్నోళ్లకు ఇది తేలిగ్గా అర్థమైతది. పోర్షన్ నీదే, తాళం నీదే, మెయిన్ స్విచ్ మాత్రం ఓనర్ చేతిలో.

మన పీసీల్లోని ఇంటెల్ ప్రాసెసర్లతో చిక్కు వచ్చింది. కొన్ని ఆదేశాలు ఓనర్‌కు తెలియకుండానే జరిగిపోయేవి. స్టాన్‌ఫోర్డ్‌లో పనిచేసిన మెండెల్ రోజెన్‌బ్లమ్, ఆయన సహచరులు 1998లో వీఎంవేర్ పెట్టి, అలాంటి ఆదేశాలను నడుస్తుండగానే మార్చే పద్ధతి తెచ్చిండ్రు. 1999లో వచ్చిన వాళ్ల మొదటి సాఫ్ట్‌వేర్‌తో లినక్స్ మీద విండోస్ నడిచింది. 2005 నుంచి ఇంటెల్ ఆ సదుపాయాన్ని చిప్‌లోనే పెట్టడం మొదలుపెట్టింది. 2007లో ఇన్నోటెక్ అనే జర్మన్ కంపెనీ వర్చువల్‌బాక్స్ సోర్స్ కోడ్ బయటపెట్టింది. తర్వాత అది సన్ చేతికి, 2010లో ఒరాకిల్ చేతికి పోయింది. మాలాంటోళ్లకు అది డబ్బులు లేకుండా దొరుకుతది.

బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి, ఉన్న 4 జీబీ ర్యామ్‌లో ఎక్స్‌పీకి 512 ఎంబీ ఇచ్చినం. వర్చువల్‌బాక్స్ ఉచితమని విండోస్ కూడా ఉచితం కాదు. సెంటర్ మూసేసిన ఒక డీటీపీ అన్న తన ఒరిజినల్ సీడీలు ఇచ్చిండు. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014లోనే ఆగినయ్, అందుకే లోపలి మిషన్‌కు ఇంటర్నెట్ తీసేసినం. రాత్రి పదకొండుకు మొదటి పేజీ తెరుచుకుంది. ఒకడు వాళ్ల తాత పేరు చూసి ఏం మాట్లాడకుండా బాల్కనీలోకి పోయిండు.

ఇంకో సంగతి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊర్లో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి, 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆ అక్షరాలకు ఇప్పుడు సొంత నంబర్లున్నయ్. రేపు గోండి పుస్తకం టైప్ చేసేవాళ్లు పాత విండోస్‌ను అద్దెకు పెట్టుకోనక్కర్లేదు. మన తెలుగు సావనీర్ మాత్రం ఆ పాత నంబర్లలోనే ఇరుక్కుంది.

పేజీలన్నీ పీడీఎఫ్ చేసినం. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మారుస్తున్నం గానీ వత్తులు తప్పుతున్నయ్, ఇంటిపేర్లే మారిపోతున్నయ్. అందుకే ఒకరు పీడీఎఫ్ చూసి చదువుతుంటే ఇంకొకరు దిద్దుతున్నరు. 11 పేజీలు అయినయ్. మీ ఇళ్లల్లో పాత సీడీలు, పెన్‌డ్రైవ్‌లలో ఇలాంటి పేజ్‌మేకర్ ఫైళ్లుంటే పారేయకండి, కింద కామెంట్‌లో చెప్పండి.