మాటను విప్పితే చరిత్ర: బిలాస్‌పూర్ నుంచి వైద్య పదాల కథ



ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఇంటర్ చదువుతున్న ఒక తెలుగు విద్యార్థిని ఊహించుకోండి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కళాశాలలో ఇంగ్లీషు. ఒకరోజు పొరుగింటి ఛత్తీస్‌గఢీ తల్లి తన కొడుకు ఆసుపత్రి చీటీ తెచ్చి, ఇందులో ఏం రాశారో చెప్పమని అడిగింది. దానిమీద మూడు మాటలున్నాయి: సికిల్ సెల్ అనీమియా, స్ప్లీనోమెగలీ, ఫోలిక్ యాసిడ్. విద్యార్థికి తెలిసిన మాట ‘అనీమియా’ ఒక్కటే. “ఖూన్ కీ కమీ” అని చెప్పాడు. అంటే రక్తం తక్కువ అని. ఆమె సరేనని, మందుల దుకాణంలో ఐరన్ టానిక్ కొనడానికి బయలుదేరింది.

అతను చెప్పిన అర్థం తప్పు కాదు. అయినా అది చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే ఈ మాటలు ఎలా తయారయ్యాయో, ఎప్పుడు తయారయ్యాయో తెలుసుకోవాలి. ఈ పాఠంలో మనం చేయబోయేది అదే.

ముందుగా, బిలాస్‌పూర్‌లో తెలుగువారు ఎందుకున్నారు? 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ ఏర్పడింది. నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు వేసిన దాని ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. 1902లో తూర్పు తీర రైలు మార్గంలోని ఉత్తర భాగం కూడా ఈ సంస్థ చేతికి వచ్చింది. 1931లో విజయనగరం – రాయపూర్ మార్గం పూర్తయింది. ఆ విధంగా ఉత్తరాంధ్ర జిల్లాలూ ఛత్తీస్‌గఢ్ ప్రాంతమూ ఒకే రైల్వేలో భాగాలయ్యాయి. ఉద్యోగాల కోసం తెలుగు కుటుంబాలు ఆ పట్టాల వెంటే వెళ్లి రైల్వే పట్టణాల్లో స్థిరపడ్డాయి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది.

రైల్వే పట్టణంలో పెరిగిన పిల్లలకు వైద్య పదాన్ని వివరించడం తేలిక. గూడ్సు బండిలో పెట్టెలను కలిపినట్టే ఈ పదాల్లో ముక్కలను కలుపుతారు. ముందు ఉపసర్గ, మధ్యలో ధాతువు, చివర ప్రత్యయం. పలకడానికి వీలుగా రెండు ముక్కల నడుమ తరచు ఒక ‘ఓ’ అచ్చు వస్తుంది. అది కప్లింగ్ వంటిది. ‘స్ప్లీన్’, ‘మెగలీ’ అనే ముక్కలను ‘ఓ’ కలిపితే స్ప్లీనోమెగలీ అయింది.

గ్రీకు భాషలో ‘స్ప్లేన్’ అంటే ప్లీహం. ‘మెగాస్’ అంటే పెద్దది. కాబట్టి స్ప్లీనోమెగలీ అంటే ప్లీహం పెద్దది కావడం. ఇక్కడ ఒక విశేషం గమనించండి. గ్రీకు ‘స్ప్లేన్’, సంస్కృత ‘ప్లీహన్’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. ‘మెగాస్’, ‘మహత్’ కూడా అంతే. ‘హేపార్’, ‘యకృత్’ అనే మాటలదీ అదే చుట్టరికం. రెండింటికీ అర్థం కాలేయమే.

‘అనీమియా’ను విప్పుదాం. ‘అన్’ అంటే లేకపోవడం, ‘హైమ’ అంటే రక్తం. మనం ‘అనారోగ్యం’ అనేటప్పుడు ముందుండే ‘అన్’ కూడా ఇదే పని చేస్తుంది. మన ‘రక్తహీనత’ కూడా ఈ పద్ధతిలోనే తయారైంది: రక్తం, హీనం, చివర ‘త’. పరాయివిగా కనిపించే మాటలు విప్పి చూస్తే కొంత మన పద్ధతివే.

ఈ పదాలన్నీ ప్రాచీన గ్రీకు వైద్యులు వాడినవేనని చాలామంది అనుకుంటారు. ముక్కలు పాతవే. కానీ పదాల్లో ఎక్కువ భాగం ఆధునిక కాలంలో, ముఖ్యంగా 19వ శతాబ్దంలో కూర్చినవి. సూక్ష్మదర్శిని కింద కొత్త విషయాలు కనబడుతున్న కాలమది. ప్రతి కొత్త విషయానికీ ఒక పేరు కావాలి. అన్ని దేశాల పండితులకూ అర్థమయ్యేలా ఉండాలి. ఉదాహరణకు, జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1847లో ‘లూకీమియా’ అనే పేరు పెట్టాడు. ‘లూకోస్’ అంటే తెల్లనిది. తెల్ల కణాలు విపరీతంగా పెరిగిన రక్తం అతనికి అలా కనిపించింది.

కనుక ప్రతి పదమూ దాన్ని కూర్చిన నాటి జ్ఞానానికి గుర్తు. నాటి పొరపాట్లకు కూడా గుర్తే. ‘మలేరియా’ ఇటాలియన్ మాట. దాని అర్థం చెడు గాలి. బురద నేలల నుంచి వచ్చే గాలి వల్లే ఆ జ్వరం వస్తుందని నమ్మిన కాలపు పేరది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. గాలి సిద్ధాంతం కూలిపోయింది, పేరు మాత్రం నిలిచిపోయింది. ‘ఆర్టరీ’ మూలపదం కూడా మొదట శ్వాసనాళానికి వాడినదే. మృతదేహాల్లో ధమనులు ఖాళీగా కనిపించడంతో వాటిలో గాలి ప్రవహిస్తుందని ప్రాచీనులు భావించారు. ‘అనీమియా’ మాటకు మాట అర్థం చెప్పుకుంటే ‘రక్తం లేకపోవడం’. నిజానికి రోగిలో రక్తం ఉంటుంది. తగ్గేది ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్, లేదా ఎర్రకణాలు.

ఇప్పుడు చీటీలోని మొదటి మాటకు వద్దాం. ‘సికిల్’ గ్రీకు ముక్కలతో కూర్చిన మాట కాదు. మామూలు ఇంగ్లీషు మాట. కొడవలి అని అర్థం. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, వెస్టిండీస్‌లోని గ్రెనడా నుంచి వచ్చిన ఒక విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు ఎర్రకణాలున్నాయని ప్రచురించాడు. 1949లో లైనస్ పాలింగ్ బృందం అసలు తేడా హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని చూపింది. ఈ జబ్బు తల్లిదండ్రులిద్దరి నుంచి జన్యువుల ద్వారా వస్తుంది. వంకర తిరిగిన కణాలు త్వరగా పగిలిపోతాయి, సన్నని రక్తనాళాల్లో అడ్డుపడి తీవ్రమైన నొప్పులు తెస్తాయి. పగిలిన కణాలను వడగట్టే ప్లీహం చిన్నపిల్లల్లో పెరగవచ్చు. చీటీలో రెండో మాట అందుకే ఉంది.

టానిక్ సంగతి ఇక్కడే తేలుతుంది. ఇనుము లోపం వల్ల వచ్చే అనీమియాకు ఇనుము మందు. సికిల్ సెల్ అనీమియాకు కారణం ఇనుము లోపం కాదు. పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారిలో ఇనుము ఎక్కువై హాని కూడా చేయగలదు. పరీక్షలో ఇనుము లోపం తేలితే తప్ప అటువంటి మందు సొంతంగా వాడకూడదు. మన విద్యార్థి చదివింది తనకు తెలిసిన మాటనే. జబ్బుకు కారణం దాని ముందున్న రెండు మాటల్లో ఉంది.

ఛత్తీస్‌గఢ్‌లో ఇది చిన్న విషయం కాదు. మధ్య భారతంలో సికిల్ సెల్ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ రాష్ట్రం ఒకటి. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ అనీమియా నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. అది మొదలైన షహడోల్ మధ్యప్రదేశ్‌లోని పట్టణం. రైల్వే లెక్కలో మాత్రం బిలాస్‌పూర్ డివిజన్‌లోదే.

మూడో మాటలో మన తెలుగువాడి శ్రమ ఉంది. 1931లో ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్, బొంబాయిలో గర్భిణులకు వచ్చే ఒక రకం అనీమియా ఈస్ట్ సారంతో తగ్గుతున్నదని ప్రచురించింది. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి ఫోలిక్ యాసిడ్ అన్నారు. లాటిన్‌లో ‘ఫోలియమ్’ అంటే ఆకు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. కొత్త ఎర్రకణాల తయారీకి ఫోలిక్ యాసిడ్ అవసరం. కణాలు త్వరగా పగిలే సికిల్ సెల్ రోగులకు వైద్యులు దాన్ని ఇచ్చేది అందుకే. దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ కూడా సుబ్బారావు బృందం నుంచే వచ్చింది. 1948లో సిడ్నీ ఫార్బర్ దానితో పిల్లల లూకీమియాను తాత్కాలికంగా అదుపు చేశాడు. ‘ప్టెరాన్’ అంటే రెక్క. ఈ జాతి పదార్థాలు మొదట సీతాకోకచిలుక రెక్కల్లో దొరికాయి.

వైద్యాన్ని మన భాషల్లో చెప్పే ప్రయత్నమూ పాతదే. హైదరాబాద్‌లో 1846లో మొదలైన వైద్య పాఠశాలలో ఉర్దూలో బోధించారు. 1917లో ఏర్పడిన ఉస్మానియా అనువాద సంస్థ శాస్త్ర పదాలను కూర్చింది. 1968లో తెలుగు అకాడమి వచ్చింది. 2022లో మధ్యప్రదేశ్ హిందీలో ఎం.బి.బి.ఎస్. పుస్తకాలను విడుదల చేసింది. అయితే ఏ భాషలోకి తెచ్చినా మాట మొత్తం రావాలి. ‘రక్తహీనత’ అని ఆగితే మళ్లీ టానిక్ దగ్గరికే వెళతాం. ‘కొడవలి కణాల రక్తహీనత’ అంటే పొరుగింటి తల్లి అడగవలసిన ప్రశ్న తెలుస్తుంది.

కాబట్టి విద్యార్థులారా, వైద్య పదం ఎదురైతే చివరి ముక్కతో మొదలుపెట్టండి. తర్వాత మొదటి ముక్క, ఆపైన మధ్యలోది చదవండి. పక్కనున్న ఏ మాటనూ వదలకండి. చివరగా, కారణమేమిటని వైద్యుణ్ణి అడగండి. పదాన్ని విప్పడం రోగనిర్ణయం కాదు. సరైన ప్రశ్న అడగడానికి అది సాయపడుతుంది.

ఆలోచించండి:
1. ‘హెపటోమెగలీ’ అనే మాటను ముక్కలుగా విడదీసి అర్థం చెప్పండి.
2. ‘మలేరియా’ వలె పాత నమ్మకాన్ని నేటికీ మోస్తున్న మాట మీ ఇంటి భాషలో ఏదైనా ఉందా? పెద్దలను అడిగి రాయండి.