పాలకమండలిలో లేని కుర్చీ

విశ్వవిద్యాలయాన్ని నడిపే మండలిలో ఎవరెవరు కూర్చోవాలన్న ప్రశ్నకు ఉస్మానియా చరిత్రలో మూడు జవాబులు కనిపిస్తాయి. నిజాం కాలంలో సర్కారు పెద్దలు కూర్చున్నారు. 1959 చట్టం తర్వాత అధ్యాపకుల, పట్టభద్రుల ప్రతినిధులకు చోటు దొరికింది. 1991 నుంచి ప్రభుత్వం నామినేట్ చేసినవారు వచ్చారు. ఈ మూడింటిలోనూ కానరాని వర్గం ఒకటుంది. రిజిస్ట్రార్ కార్యాలయాన్ని, పరీక్షల విభాగాన్ని, గ్రంథాలయాన్ని, ప్రయోగశాలలను, హాస్టళ్లను రోజువారీగా నడిపే ఉద్యోగుల వర్గం అది. కాగితాల మీద వాళ్లను ‘బోధనేతర సిబ్బంది’ అంటారు, వాడుకలో ‘నాన్ టీచింగ్’. ఆ మాట వాళ్లు ఏ పని చేయరో చెబుతుంది గాని, ఏం చేస్తారో చెప్పదు. పాలకమండలిలో వాళ్లకు చోటు లేకపోవడానికి మూలం చాలావరకు ఆ పేరులోనే ఉంది.

తెలుగువారికి తెలిసిన తొలి నమూనా మద్రాసు విశ్వవిద్యాలయం. 1857లో అది పుట్టినప్పుడు పాలన అంతా ‘ఫెలో’లతో కూడిన సెనేట్ చేతిలో ఉండేది. ఆ ఫెలోలను ప్రభుత్వమే నియమించేది. 1904 నాటి భారత విశ్వవిద్యాలయాల చట్టం కొద్దిమంది ఫెలోలను ఎన్నుకునే వీలు కల్పించింది. ఇరవయ్యో శతాబ్దపు మూడో దశకంలో మద్రాసు శాసనసభ చేసిన చట్టాలతో సెనేట్, సిండికేట్, అకడమిక్ కౌన్సిల్ అనే మూడంచెల ఏర్పాటు స్థిరపడింది. 1926లో బెజవాడలో మొదలై తర్వాత విశాఖపట్నానికి మారిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ అచ్చులో పోసినదే. పేరు నమోదు చేయించుకున్న పట్టభద్రులకు సెనేట్ ఎన్నికల్లో ఓటుండేది. ఆ ఓటు పట్టాను బట్టి వచ్చేది, చేసే కొలువును బట్టి కాదు. కార్యాలయ గుమాస్తా పట్టభద్రుడైతే ఆ హోదాలో ఓటరు జాబితాకెక్కవచ్చు. ఆ విశ్వవిద్యాలయంలోనే కొలువు చేస్తున్నవాడిగా మాత్రం అతనికి ఏ ఓటూ లేదు.

ఉస్మానియా దారి వేరు. విశ్వవిద్యాలయం కావాలంటూ సర్కారు అధికారి అక్బర్ హైదరీ సమర్పించిన విజ్ఞాపనను ఆమోదిస్తూ 1917 ఏప్రిల్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చాడు. 1918లో మరో ఫర్మానాతో విశ్వవిద్యాలయం ఏర్పడింది, 1919లో తరగతులు మొదలయ్యాయి. బోధనా భాష ఉర్దూ. దానికి కావలసిన పాఠ్యపుస్తకాల కోసం అనువాద విభాగాన్ని, అంటే దారుల్ తర్జుమాను, ముందే నెలకొల్పారు. ఈ విభాగం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. అక్కడి అనువాదకులు తరగతి గదిలో పాఠం చెప్పే ఆచార్యులు కారు, మామూలు గుమాస్తాలూ కారు. అయినా వాళ్లు శాస్త్ర పదాలను కూర్చి పుస్తకాలు తయారుచేయకపోతే ఆచార్యుడి చేతిలో పుస్తకమే ఉండేది కాదు. నేడు ‘వృత్తి నిపుణులైన సిబ్బంది’ అని చెప్పుకునే వర్గానికి హైదరాబాదు గడ్డ మీద ఇంతకన్నా మంచి తొలి ఉదాహరణ దొరకదు. ఆ నాటి పాలక వ్యవస్థలో మాత్రం పైనుంచి కింది దాకా నిజాం ఆజ్ఞదే పెత్తనం. ప్రాతినిధ్యమన్న మాటకే అందులో తావు లేదు.

1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిశాక బోధనా భాష ఇంగ్లీషుకు మారింది. 1956లో రాష్ట్రాల సరిహద్దులు మారాయి. కోహీర్ ఆ మార్పును నేరుగా చూసిన ఊరు. అప్పటిదాకా జహీరాబాద్ తాలూకాతో పాటు బీదర్ జిల్లాలో ఉన్న ఈ ఊరు మెదక్ జిల్లాలోకి వచ్చింది, బీదర్ మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. పాలకులు మారినా, జిల్లా మారినా కోహీర్ పిల్లల పై చదువులకు ఉస్మానియాయే దిక్కుగా నిలిచింది. జహీరాబాద్ డిగ్రీ కళాశాల దానికే అనుబంధం. ఇక్కడినుంచి వెళ్లిన విద్యార్థికి విశ్వవిద్యాలయం ఎదురయ్యేది సిండికేట్ రూపంలో కాదు, సుమారు వంద కిలోమీటర్ల అవతల పరీక్షల విభాగం కౌంటరు రూపంలో. మార్కుల మెమో, ప్రొవిజనల్, మైగ్రేషన్ సర్టిఫికెట్, పునర్మూల్యాంకనం దరఖాస్తు, ఏది కావాలన్నా ఆ కిటికీ దగ్గరే అడగాలి. ఊరివాళ్ల దృష్టిలో విశ్వవిద్యాలయమంటే ఆ కిటికీ వెనక కూర్చున్న మనిషే. ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో, ఏ నిబంధన దూరపు విద్యార్థిని రెండోసారి బస్సెక్కిస్తుందో ఆ మనిషికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆ నిబంధన రాసే చోట అతని మాట వినే ఏర్పాటు మాత్రం చట్టంలో ఎప్పుడూ లేదు.

1959లో ఉస్మానియాకు కొత్త చట్టం వచ్చింది. వైస్ ఛాన్సలర్ ఎంపిక సంఘంలో సిండికేట్ పంపిన సభ్యులుండేవారు. ఈ స్వయంప్రతిపత్తి ఎంత విలువైనదో 1966లో తేలిపోయింది. ప్రభుత్వం చట్టాన్ని సవరించి, అప్పటి వైస్ ఛాన్సలర్ డి.ఎస్. రెడ్డి పదవీకాలం ముగియకుండానే కొత్తవారిని నియమించే నిబంధన పెట్టింది. ఆయన న్యాయస్థానానికి వెళ్లారు. 1967లో సుప్రీంకోర్టు ఆ నిబంధన సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టివేసింది. విశ్వవిద్యాలయం మీద అధికారం ఎవరిదన్న వివాదం అంత పెద్ద ఎత్తున నడిచినప్పుడు కూడా అది ప్రభుత్వానికీ వైస్ ఛాన్సలర్‌కూ మధ్య పోరుగానే సాగింది. లోపల పనిచేసే ఉద్యోగుల ప్రాతినిధ్యం అందులో చర్చకు రాలేదు.

ఉద్యోగుల సంగతి తేలింది మరో దారిలో, కార్మిక చట్టం దారిలో. ఢిల్లీ విశ్వవిద్యాలయం తన బస్సు డ్రైవర్లను పనిలోంచి తీసేసిన వ్యవహారం 1963లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. డ్రైవర్లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద పరిహారం అడిగారు. విద్య పరిశ్రమ కాదనీ, విశ్వవిద్యాలయంలో అసలు పని బోధన అనీ, కింది సిబ్బంది పాత్ర అందులో స్వల్పమనీ కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి పి.బి. గజేంద్రగడ్కర్. విశ్వవిద్యాలయాల పాలన ఎలా ఉండాలో చెప్పమని 1969లో యూజీసీ నియమించిన సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. 1971లో ఆ సంఘం ఇచ్చిన నివేదిక విద్యార్థుల భాగస్వామ్యం గురించి గట్టిగానే మాట్లాడింది. దేశమంతటా విద్యార్థి ఉద్యమాలు రేగుతున్న రోజులవి, తెలంగాణలో 1969 ఉద్యమానికి ఉస్మానియాయే కేంద్రం. విద్యార్థి గొంతు అంత బలంగా వినబడుతున్నప్పుడు గుమాస్తా గొంతు ఎవరి చెవికీ చేరకపోవడంలో వింత లేదు, న్యాయమూ లేదు.

1963 నాటి ఆ తీర్పు పదిహేనేళ్ల తర్వాత తిరగబడింది. బెంగళూరు నీటి సరఫరా మండలి కేసులో 1978 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం విద్యాసంస్థలు కూడా పరిశ్రమ నిర్వచనంలోకి వస్తాయని తేల్చింది. ప్రధాన తీర్పు వి.ఆర్. కృష్ణయ్యర్‌ది. ఉపాధ్యాయులు చట్టరీత్యా ‘కార్మికులు’ కారని 1988లో మరో తీర్పు చెప్పింది. దాంతో ఒక విడ్డూరమైన పరిస్థితి ఏర్పడింది. ఒకే ఆవరణలో పనిచేస్తున్న ఇద్దరిలో ఆచార్యుడికి పాలకమండలి వైపు దారి ఉండేది, కార్మిక న్యాయస్థానం వైపు ఉండేది కాదు. అటెండరుకు, డ్రైవరుకు కార్మిక న్యాయస్థానం వైపు దారి ఉండేది, పాలకమండలి వైపు ఉండేది కాదు. జీతం, పదోన్నతి, క్రమబద్ధీకరణ వంటివి అడగడానికి సంఘం పెట్టుకోవచ్చు, ధర్నా చేయవచ్చు. విశ్వవిద్యాలయం ఎలా నడవాలో చెప్పడానికి మాత్రం వీలు లేదు. బోధనేతర సంఘాల డిమాండ్లు ఎక్కువగా జీతభత్యాల చుట్టూనే తిరుగుతాయని విమర్శించేవారు ఈ సంగతిని గుర్తించాలి. తెరిచి ఉన్న తలుపు అదొక్కటే.

ఇదే కాలంలో ఐరోపాలో వేరే ప్రయోగం నడిచింది. 1969లో ఆమ్‌స్టర్‌డామ్ విద్యార్థులు విశ్వవిద్యాలయ భవనాన్ని ఆక్రమించాక, 1970లో నెదర్లాండ్స్ చేసిన చట్టం బోధకులతో, విద్యార్థులతో పాటు బోధనేతర సిబ్బందికీ విశ్వవిద్యాలయ మండలిలో స్థానాలిచ్చింది. పశ్చిమ జర్మనీ రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. 1973లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఇలా అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యమివ్వడాన్ని తప్పుపట్టలేదు గాని, పరిశోధన, బోధన విషయాల్లో ఆచార్యుల మాటే చెల్లాలని హద్దు గీసింది. నెదర్లాండ్స్ 1997లో ఆ మండళ్ల అధికారాన్ని చాలావరకు తగ్గించి, వాటిని సలహా సంఘాల స్థాయికి తెచ్చింది. అక్కడ ప్రాతినిధ్యం పెరిగిందీ తరిగిందీ కూడా చట్టంలో రాసిన మాటగా. ఇక్కడ అది రాతలోకే ఎక్కలేదు.

ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం 1991లో వచ్చి పాత చట్టాలెన్నిటినో ఒక్క గాటన కట్టింది. సిండికేట్ స్థానంలో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, పాత సెనేట్, అకడమిక్ కౌన్సిళ్ల స్థానంలో అకడమిక్ సెనేట్ వచ్చాయి. ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో ఒక వైపు పదవి రీత్యా వచ్చే ఉన్నత విద్య, ఆర్థిక శాఖల కార్యదర్శులు, మరో వైపు ప్రభుత్వం నామినేట్ చేసే ప్రిన్సిపాళ్లు, అధ్యాపకులు, ప్రముఖులు. ఎన్నిక పోయింది. అధ్యాపకుడు కూడా తోటివారి ఓటుతో కాక సచివాలయం ఉత్తర్వుతో లోపలికి వస్తాడు. ఆ విధంగా అధ్యాపకులు ఉన్న హక్కును కోల్పోయారు. బోధనేతర సిబ్బందికి కోల్పోవడానికి ఏమీ లేదు. సమావేశపు కాగితాలు సిద్ధం చేయడం, తీర్మానాలు రాయడం, అమలు చేయడం రిజిస్ట్రార్ కార్యాలయం పని. ఆ కార్యాలయంలోని ఉద్యోగులకు అక్కడ జరిగేదంతా తెలుసు, మాట్లాడే హక్కు లేదు.

2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ఆ 1991 చట్టాన్నే అన్వయించుకుంది. 2022 సెప్టెంబరులో శాసనసభ ఆమోదించిన ఉమ్మడి నియామక బోర్డు బిల్లు బోధన, బోధనేతర ఖాళీలను ఒకే బోర్డు ద్వారా నింపాలని ప్రతిపాదించింది. గవర్నర్ దానిని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. ఆ బిల్లులో ఉన్నది సిబ్బందిని విశ్వవిద్యాలయంలోకి ఎలా తీసుకోవాలన్న సంగతే. ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో ఎవరు కూర్చోవాలన్న విషయం దాని పరిధిలోకి రాలేదు.