“పాతగిలినది” అను మాట: హెబ్రీ 8:13 – ఒక చారిత్రక పరిశీలన

“పాత నిబంధన పాతగిలిపోయినది, మనకు క్రొత్తది చాలును” అను మాట కొన్ని ప్రసంగ వేదికలపై వినబడుచుండును. దానికి ఆధారముగా హెబ్రీ 8:13 చూపబడుచున్నది. గనుక ఆ మాట యొక్క అర్థమును, సంఘ చరిత్రలో దాని వాడుకను పరిశీలింతము.

అక్కడి గ్రీకు క్రియ ‘పలైయోస్’ (పాత) అను విశేషణము నుండి పుట్టినది. అది వాడుకచేత అరిగిపోవు వస్తువులకు తగిన మాట. సెప్టువజింతు అనువాదములో ద్వితీయోపదేశకాండము 29:5లో బట్టలకును, లూకా 12:33లో సంచులకును ఆ క్రియయే వాడబడినది. అయితే పాతదనము ఎల్లప్పుడు దోషము కాదు. లూకా 5:39లో పాత ద్రాక్షారసమే మంచిదనబడినది. మత్తయి 13:52లో ఇంటి యజమానుడు తన ధననిధిలోనుండి క్రొత్తవాటితోపాటు పాతవాటిని కూడ తెచ్చును.

మరి హెబ్రీ పత్రికలో పాతగిలినది ఏది? 7 నుండి 10 అధ్యాయముల అంశము లేవీ యాజకత్వము, గుడారము, బలులు, సీనాయి నిబంధన. లేఖనము కాదు. రచయిత తన వాదమును యిర్మీయా 31:31-34పై నిలిపెను. క్రొత్త నిబంధనలో ఇంత దీర్ఘమైన పాత నిబంధన ఉల్లేఖనము మరొకటి లేదు. చెల్లని గ్రంథమును ఎవరు సాక్షిగా నిలుపుదురు? “క్రొత్త నిబంధన” అను మాటయే యిర్మీయా ఇచ్చినది.

2 కొరింథీ 3:14లో పౌలు చదువబడు పాత నిబంధనను గూర్చి వ్రాసెను. అయితే ఆ గ్రంథముల పట్టికను ఆ పేరుతో ఇచ్చినవారిలో మనకు తెలిసిన మొదటివాడు సార్దీస్ అధ్యక్షుడైన మెలితో (సుమారు క్రీ.శ. 170). ఆయన ఆ పేరును గౌరవముతోనే వాడెను.

అంతకుముందు, సుమారు 144లో, మార్కియోను హెబ్రీ లేఖనములను త్రోసివేయగా రోమా సంఘము అతనిని వెలివేసెను. కుదించిన లూకా సువార్తయు, పౌలు పత్రికలు పదియు మాత్రమే అతనికి మిగిలెను. వాటిలో హెబ్రీ పత్రిక లేదు. పాతదానిని విడిచినవాడు క్రొత్తదానిని సైతము కత్తిరింపవలసి వచ్చెను.

1933 నవంబరు 13న బెర్లిను క్రీడామందిరములో రైన్‌హోల్డ్ క్రౌజె, సుమారు 20,000 మంది యెదుట, పాత నిబంధనను విడిచిపెట్టవలెనని కోరెను. ఆ కోరికకు మూలము వేదాంతము కాదు, యూదులపై ద్వేషము. ఆ సభ తరువాత అనేక కాపరులు ఆ “జర్మను క్రైస్తవుల” ఉద్యమమును విడిచిరి.

కాబట్టి ప్రియ తోటి సేవకులారా, హెబ్రీ 8:13ను ప్రసంగించునప్పుడు పాతగిలినది బలుల క్రమమా, వాక్యమా అని మన సంఘములకు స్పష్టముగా చెప్పుదము. ఒక్క మాటను తప్పుగా వాడుటవలన సంఘము తన లేఖనములలో అధిక భాగమును, దానితో ఒక జనాంగముపై ప్రేమను సైతము పోగొట్టుకొనగలదని చరిత్ర మనకు నేర్పుచున్నది.