షేక్‌స్పియర్ ఇంటి డాలు: కాగితాలు చెప్పేదెంత, మనం నమ్మేదెంత?

బ్రిటన్‌లోనో అమెరికాలోనో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో ఈ మధ్య తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. బడిలో పిల్లలకు ‘మీ కుటుంబ చిహ్నం గీసుకు రండి’ అని పని ఇస్తారు. ‘మనకూ అలాంటిది ఉందా?’ అని పిల్లలు అడుగుతారు. పెద్దలు ఇంటర్నెట్‌లో వెతుకుతారు. ఇంటిపేరు కొడితే చాలు, డాలు, దాని మీద సింహం, కింద ఒక లాటిన్ వాక్యంతో బొమ్మ సిద్ధం చేసి కాఫీ కప్పు మీదో గోడ పటం మీదో అచ్చువేసి పంపే దుకాణాలు కనబడతాయి. ఇంగ్లిష్ ఇంటిపేర్లవాళ్లకు ఈ సరుకు ఎన్నో ఏళ్లుగా అమ్ముడవుతోంది.

అమ్ముతున్నది వంశచిహ్నం కాదని ముందే చెప్పాలి. ఇంగ్లండ్ సంప్రదాయంలో కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఇంటిపేరుకు చెందదు. రాజు తరఫున అధికారి ఒక వ్యక్తికి దాన్ని ఇస్తాడు. అక్కణ్ణుంచి అది ఆయన కొడుకుల వరసలో దిగుతుంది. అదే ఇంటిపేరున్న పొరుగింటాయనకు దాని మీద ఏ హక్కూ లేదు. ఇది మనకు అర్థంకాని సంగతేమీ కాదు. ఊరిపేరే ఇంటిపేరైన తెలుగునాట ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉంటుంది, వాళ్లందరినీ ఒక వంశమని ఎవరూ అనరు.

కాబట్టి ‘ఈ చిహ్నం మాది’ అనేవాళ్లు రెండు సంగతులు రుజువు చేయాలి. అది ఎవరికి, ఎప్పుడు, ఎవరిచేత ఇవ్వబడింది అన్నది మొదటిది. ఆ మనిషి నుంచి తన దాకా ప్రతి తరానికీ కాగితం ఉందా అన్నది రెండోది. ఈ రెండూ ఎంత కష్టమో చూడడానికి విలియం షేక్‌స్పియర్ కుటుంబాన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఆయన నాటకాల చేతిరాతలు దాదాపుగా మిగల్లేదు గానీ, వాళ్ల ఇంటి డాలు గురించిన చిత్తుప్రతులు మాత్రం ఇలాంటి చిహ్నాలు మంజూరు చేసే లండన్ కార్యాలయం కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌లో భద్రంగా ఉన్నాయి.

ముందు డాళ్ల గురించి, ఆ కార్యాలయం గురించి రెండు మాటలు. డాళ్ల మీది గుర్తులు పన్నెండో శతాబ్దంలో వంశపారంపర్యం కావడం మొదలైంది. 1128 ప్రాంతంలో ఆంజూ ప్రభువు జెఫ్రీకి మామగారైన మొదటి హెన్రీ రాజు సింహాల డాలు బహూకరించాడని ఒక చరిత్రకారుడు రాశాడు. కానీ అతను రాసింది కొన్ని దశాబ్దాల తర్వాత, అందువల్ల ఆ కథనాన్ని పక్కన పెట్టడమే మేలు. జెఫ్రీ 1151లో చనిపోయాక చేయించిన ఎనామెల్ ఫలకం మీద బంగారు సింహాల నీలి డాలు ఉంది. 1226లో చనిపోయిన ఆయన మనవడు విలియం లాంగెస్పీ సమాధి సాలిస్‌బరీలో ఉంది, దాని మీదా సింహాల డాలే. చేతికి దొరికే సాక్ష్యం ఈ రెండు వస్తువులే. 1484లో మూడో రిచర్డ్ రాజు, ఈ చిహ్నాల వ్యవహారం చూసే హెరాల్డ్‌లనే అధికారులకు సంస్థగా అధికారపత్రం ఇచ్చాడు, 1555లో మరొకటి వచ్చింది. 1530 నుంచి 1688 దాకా ఈ అధికారులు జిల్లాలు తిరిగి, డాలు వాడుకుంటున్న పెద్దమనుషులను పిలిపించి రుజువులు అడిగారు. చూపలేనివాళ్ల హక్కును కొట్టివేశారు. 1666 నాటి లండన్ మంటల్లో కార్యాలయ భవనం కాలిపోయినా రికార్డులు బయటపడ్డాయి. ఈరోజు మనం చదవగలుగుతున్నది వాటినే.

ఇక అసలు సంగతి. 1596 అక్టోబరు 20 తేదీతో రెండు చిత్తుప్రతులు ఉన్నాయి. రాయించినవాడు హెరాల్డ్‌లలో పెద్దదైన గార్టర్ పదవిలో ఉన్న విలియం డెథిక్. చిహ్నం ఇస్తున్నది నాటకకర్తకు కాదు, ఆయన తండ్రి జాన్‌కు. జాన్ స్ట్రాట్‌ఫర్డ్‌లో తోలు చేతితొడుగులు కుట్టి అమ్మేవాడు, ఒక దఫా ఊరి పెద్దగా కూడా పనిచేశాడు. కాగితం మీద ఒక మూల కలంతో డాలు బొమ్మ గీసి ఉంది. బంగారు డాలు, దాని మీద ఏటవాలుగా నల్లని పట్టీ, ఆ పట్టీ పొడవునా వెండి మొనతో బంగారు ఈటె. డాలు పైన రెక్కలు విప్పిన తెల్ల డేగ కాలితో ఇంకో ఈటె పట్టుకుని ఉంది. ‘షేక్’ అంటే ఆడించడం, ‘స్పియర్’ అంటే ఈటె. పేరులోంచి బొమ్మ తీయడం అప్పటి హెరాల్డ్‌లకు మామూలే. ‘హక్కు లేకుండా కాదు’ అన్న అర్థం వచ్చే పాత ఫ్రెంచి వాక్యమూ ఆ కాగితం మీదే ఉంది. కానీ స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలో విలియం స్మారకం మీద డాలు, డేగ ఉన్నాయి గానీ ఆ వాక్యం లేదు. కుటుంబం దాన్ని ఎన్నడైనా వాడుకుందని చెప్పే ఆధారం లేదు. ఇవాళ అది ప్రతి స్మారక వస్తువు మీదా కనిపిస్తుంది, అది వేరే విషయం.

చిత్తుప్రతిలో ఎందుకు ఇస్తున్నామో కారణాలు రాశారు. ఏడో హెన్రీ రాజుకు నమ్మకంగా, వీరోచితంగా సేవచేసినందుకు జాన్ పూర్వీకులు మెప్పు, బహుమానం పొందారట. ‘పూర్వీకులు’ అన్న చోట వరసల మధ్య పైన ‘తాత’ అని చేర్చారు. మూడేళ్ల తర్వాత, 1599లో, ఇంకో చిత్తుప్రతి తయారైంది. అందులో ఆ వీరుడు ‘ముత్తాత’ అయ్యాడు, బహుమానంగా వార్విక్‌షైర్‌లో భూములు కూడా పొందాడు. ఏడో హెన్రీ పాలించింది 1485 నుంచి 1509 దాకా. ఆయన కాలంలో షేక్‌స్పియర్ అనే వాడికి భూమి ఇచ్చినట్టు రాజ రికార్డుల్లో పరిశోధకులకు ఏమీ దొరకలేదు. దొరికింది జాన్ తండ్రి రిచర్డ్. ఆయన స్నిటర్‌ఫీల్డ్ ఊళ్లో కౌలు రైతు. ఆయనకు పొలం కౌలుకిచ్చిన ఆసామి రాబర్ట్ ఆర్డెన్. ఆ ఆర్డెన్ కూతురు మేరీనే తర్వాత జాన్ పెళ్లాడాడు.

రెండో చిత్తుప్రతి అడుగున హెరాల్డ్ పొట్టిగా రాసుకున్న గమనికలు ఉన్నాయి. నా దృష్టిలో ఈ మొత్తం దస్త్రంలో విలువైనవి ఇవే. క్లారెన్సో అనే హెరాల్డ్ పదవిలో ఉన్న కుక్ ఇరవై ఏళ్ల కిందట కాగితం మీద వేసిచ్చిన నమూనాను ఈ జాన్ చూపుతున్నాడని ఒకచోట ఉంది. పదిహేను పదహారేళ్ల కిందట ఊరి పెద్దగా ఉన్నాడని ఇంకోచోట. 500 పౌండ్ల ఆస్తి ఉందని, ఆర్డెన్ వంశపు పెద్దమనిషి కూతుర్ని పెళ్లాడాడని మిగతా గమనికలు.

వీటిని ఇతర రికార్డుల పక్కన పెట్టి చూడాలి. రాబర్ట్ కుక్ 1567 నుంచి ఆ పదవిలో ఉన్నాడు, కాబట్టి ‘ఇరవై ఏళ్ల కిందట’ అంటే 1576 ప్రాంతంలో నమూనా గీసి ఉండడం అసంభవం కాదు. కానీ జాన్ ఊరి పెద్ద అయింది 1568లో. అంటే గమనిక రాసేనాటికి అది ఇరవై ఎనిమిదేళ్ల వెనకటి మాట. ఈ లెక్క తప్పింది. 1576 తర్వాత జాన్ పట్టణ సభకు రావడమే మానేశాడు. 1578లో భార్య పుట్టింటి నుంచి వచ్చిన భూమిని 40 పౌండ్లకు తాకట్టు పెట్టాడు. చర్చికి రానివాళ్ల 1592 నాటి జాబితాలో ఆయన పేరుంది, అప్పులవాళ్లు పట్టుకుంటారన్న భయమే కారణమని పక్కన రాశారు. అలాంటి మనిషికి నాలుగేళ్లలో 500 పౌండ్ల ఆస్తి ఎలా వచ్చింది?

చాలామంది పండితులు ఇక్కడ కొడుకును చూస్తారు. విలియం అప్పటికే లండన్‌లో పేరున్న నాటక బృందంలో భాగస్వామి. 1597లో స్ట్రాట్‌ఫర్డ్‌లోని పెద్ద ఇళ్లలో ఒకటైన న్యూ ప్లేస్ కొన్నాడు. అర్జీ వెనక డబ్బూ పట్టుదలా ఆయనవే అనుకోవడం సహేతుకమే. కానీ 1596 చిత్తుప్రతుల్లో విలియం పేరు ఎక్కడా లేదు. సహేతుకమైన ఊహ అనే మాట దగ్గరే ఆగాలి, అంతకు మించి ఒక్క అడుగు వేసినా అది నవల అవుతుంది. ఇంకో సంగతి: ముద్ర వేసిన తుది పత్రం మనకు మిగల్లేదు. ఇవి చిత్తుప్రతులే. చిహ్నం నిజంగా మంజూరైందని తర్వాతి సంఘటనల వల్ల మనకు తెలుస్తోంది.

1599 ప్రయత్నం ఇంకా ఆసక్తికరమైనది. ఈసారి తల్లి వైపు ఆర్డెన్‌ల చిహ్నాన్ని కూడా తమ డాలులో కలుపుకుంటామని అడిగారు. హెరాల్డ్ మొదట పార్క్ హాల్‌లో ఉండే ఘనమైన ఆర్డెన్‌ల గుర్తు గీశాడు. తర్వాత దాన్ని కొట్టేసి పక్కన వేరే ఆర్డెన్ శాఖ గుర్తు, సిలువలున్నది, గీశాడు. మేరీ తండ్రికీ పార్క్ హాల్ వాళ్లకూ చుట్టరికం ఉందని అధికారికే నమ్మకం కుదరలేదన్నమాట. కనీసం రాసిచ్చే ధైర్యం చేయలేదు. చివరికి షేక్‌స్పియర్ కుటుంబం ఏ ఆర్డెన్ గుర్తునూ వాడుకోలేదు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన వంశం కలవదని 1599లోనే ఒక ఉద్యోగి కలంగీతతో ఒప్పుకున్నాడు.

1602లో గొడవ మొదలైంది. యార్క్ హెరాల్డ్ రాల్ఫ్ బ్రూక్, అర్హత లేనివాళ్లకు డాళ్లు పంచుతున్నారని డెథిక్ మీద 23 పేర్ల జాబితాతో ఫిర్యాదు చేశాడు. అందులో షేక్‌స్పియర్ పేరుంది. తర్వాతి కాలంలో తీసిన ఒక నకలులో డాలు బొమ్మ కింద ‘నటుడు షేక్‌స్పియర్’ అని ఎకసెక్కంగా రాసి ఉంది. అది ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫోల్జర్ గ్రంథాలయంలో ఉంది. మాలీ ప్రభువుల డాలుకు ఇది నకలులా ఉందన్నది ఇంకో ఆరోపణ. నిజమే, వాళ్లదీ బంగారు డాలు మీద నల్ల పట్టీయే. దానికి డెథిక్, ఇంకో హెరాల్డ్ విలియం కామ్డెన్ కలిసి జవాబిచ్చారు. పట్టీ మీద ఈటె ఉండడమే తేడా అన్నారు. జాన్ ఊరికి న్యాయాధికారిగా పనిచేశాడు, ఆర్డెన్ ఇంటి పిల్లను చేసుకున్నాడు, స్థితిమంతుడు అన్నారు. ఈ జవాబులో ఏడో హెన్రీ నాటి వీరగాథ ఊసు లేదు. నిలబడే కారణాలేవో వాళ్లకు తెలుసు. బ్రూక్‌కు డెథిక్‌తో, కామ్డెన్‌తో పాత పగలున్నాయి కాబట్టి ఆయన మాటను కూడా పూర్తిగా నమ్మలేం.

ఇంతకూ ఆ డాలు ఇప్పుడు ఎవరిది? జాన్ 1601లో చనిపోయాడు. విలియం ఒక్కగానొక్క కొడుకు హామ్నెట్ 1596 ఆగస్టులో, మొదటి చిత్తుప్రతి తేదీకి రెండు నెలల ముందే, పదకొండేళ్ల వయసులో పోయాడు. విలియం తమ్ముళ్లలో ఎవరికీ నిలిచిన మగ సంతానం లేదు. మనవరాలు ఎలిజబెత్ 1670లో చనిపోవడంతో విలియం సొంత సంతతే ముగిసింది. చెల్లెలు జోన్ వంశం ఇంకా ఉంది, కానీ వాళ్లు హార్ట్ ఇంటివాళ్లు. అంటే ఇవాళ షేక్‌స్పియర్ ఇంటిపేరుతో ఉన్న ఏ మనిషీ జాన్ నుంచి కొడుకుల వరసలో ఆ డాలును తెచ్చుకోలేడు.

మన దగ్గరి సంగతి కొంత వేరు. వేంగి చాళుక్యుల రాగి శాసనాల కడియానికి గట్టి ముద్ర ఉంటుంది. దాని మీద వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న బిరుదు కనిపిస్తాయి. అంతకుముందు బాదామి చాళుక్యులదీ వరాహమే, తర్వాత కాకతీయులదీ విజయనగర రాజులదీ వరాహమే. అందుకే ఇంట్లో పాత వరాహ ముద్ర ఉంటే, దాన్ని బట్టి ‘మేము ఫలానా రాజవంశం’ అనడానికి లేదు. హైదరాబాద్ నిజాముల జెండా మీది తెల్లని గుండ్రం కుల్చా రొట్టె అనీ, ఒక సూఫీ గురువు ఇంట్లో మొదటి నిజాం తిన్న ఏడు కుల్చాలే ఏడు తరాల పాలన అనీ చెబుతారు. కథ బాగుంది. ఏడుగురు రాజుల తర్వాత రాజ్యం పోయింది కాబట్టి, ఆ ఏడు అంకె కథలోకి ఎప్పుడు చేరిందో చూడకుండా దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది 1877 జనవరి నాటి ఢిల్లీ దర్బారు. విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించిన ఆ సభలో దాదాపు తొంభైమంది సంస్థానాధీశులకు పట్టు పతాకాలు ఇచ్చారు. వాటి మీద యూరపు పద్ధతిలో డాళ్లు కుట్టించారు. ఆ డాళ్లను రూపొందించింది బెంగాల్ సివిల్ సర్వీసు అధికారి రాబర్ట్ టేలర్. హైదరాబాద్ నిజాం, పదేళ్ల మహబూబ్ అలీ ఖాన్ తన దివాన్ సాలార్ జంగ్‌తో కలిసి ఆ సభకు వెళ్లాడు. సంస్థానాల గోడల మీద, కత్తుల పిడుల మీద, వెండి పళ్లాల మీద కనిపించే డాలు ‘అనాదిగా వస్తున్నది’ అని ఎవరైనా చెబితే, అది 1877కు ముందు ఏదైనా వస్తువు మీద కనిపిస్తోందా అని అడగాలి. కనిపించకపోతే అది ఒక ఇంగ్లిష్ అధికారి బల్ల మీద పుట్టి ఉండే అవకాశం ఎక్కువ.

ఇంట్లో ఇలాంటి ప్రశ్న లేస్తే బొమ్మతో కాకుండా మనుషులతో మొదలుపెట్టండి. తాత నుంచి వెనక్కి ఒక్కో తరానికీ పేరు, ఊరు, కాగితం రాసుకోండి. భూమి పత్రాలు, 1860ల నాటి ఇనాం రిజిస్టర్లు, కల్నల్ కాలిన్ మెకంజీ సేకరించిన గ్రామ చరిత్రలైన కైఫీయత్తులు, కాశీలోనూ గయలోనూ పండాల దగ్గరి వంశావళి పుస్తకాలైన బహీలు చూడండి. వాటిలో డాలు దొరక్కపోవచ్చు గానీ ముత్తాత పేరు దొరుకుతుంది. ఒక కాగితం ‘రాజుకు సేవచేశాడు’ అంటే, అది ఎప్పుడు రాసింది, ఎవరు రాయించుకున్నది, ఎందుకు రాయించుకున్నది అన్న మూడూ పక్కన వేసుకోండి. బ్రిటన్ పౌరులైన తెలుగువాళ్లు కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌కు అర్జీ పెట్టుకుని కొత్త డాలు పొందే వీలుంది, అందులో ఏ కల్లా లేదు. దుకాణంలో పాత డాలు మాత్రం కొనకండి.